ఇంటిపేర్లు వేరైన సుబ్బారావులు

మా చిన్నతనంలో మా ఊరి నడివీధిలో నిలబడి సుబ్బారావుగారూ అని కేక వేస్తే నాలుగైదు గుమ్మాలలోంచి నలుగురైదుగురు తొంగిచూసేవారు. కరణం సుబ్బారావుగారు, మిల్లు సుబ్బారావుగారు, పోస్టు సుబ్బారావుగారు, అన్నదమ్ముల బిడ్డలు కావడం వల్ల పెద్ద సుబ్బారావు, చిన్న సుబ్బారావు అని పిలిపించుకొన్న మరో ఇద్దరు, ఇలా గోదావరి డెల్టాలోని ఆ చిన్న ఊళ్లో వీధికొక సుబ్బారావుగారు ఉండేవారు. సంతానం కోసం సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి మొక్కుకొని, నాగులచవితినాడు పుట్టలో పాలు పోసి, బిడ్డ పుడితే స్వామి పేరే పెట్టుకొంటామని అనుకొన్న తల్లులు మా ప్రాంతంలో తరతరాలుగా ఉన్నారు కనుక, ఆ పేరు అంత విరివిగా వినబడడంలో వింత లేదు. ఆడపిల్ల పుడితే సుబ్బమ్మో, సుబ్బలక్ష్మో అయ్యేది. మగపిల్లవాడైతే సుబ్బయ్య, సుబ్బారావు, సుబ్రహ్మణ్యం అనే మూడు పేర్లలో ఏదో ఒకటి ఖాయం.

మా తాతగారి పేరు కూడా సుబ్బారావే. ప్రాథమిక పాఠశాలలో పంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్న ఆయన, ఉదయం పత్రిక రాగానే వీధి అరుగు మీద కూర్చొని, మొదటి పుట మొదలు చివరి పుట దాకా పైకి చదివేవారు. ఆ చదువులో ఎక్కడైనా తన పేరుగల మనిషి తగిలితే ఆగి, ఆయన ఎవరు, ఏ ఊరివారు, ఏం చేశారు అనేది తనకు తెలిసినంతవరకు మాకు చెప్పి, తెలియనిది ఎవరినైనా అడిగి తెలుసుకొని మరునాడు చెప్పేవారు. మా ఇంట్లో ఈ విషయంలో ఒక చిక్కు ఉండేది. నాయనమ్మ పాతకాలపు మనిషి. భర్త పేరు నోటితో పలకకూడదన్న నియమం ఆమెది. అందువల్ల దేశంలోని సుబ్బారావులందరూ ఆమె మాటల్లో ‘మీ తాతగారి పేరున్న డాక్టరుగారు’, ‘మీ తాతగారి పేరున్న జడ్జీగారు’ అయిపోయేవారు. ఆ పిలుపు వల్ల, ఎక్కడో పుట్టి ఎక్కడెక్కడో పేరు తెచ్చుకొన్న ఆ పెద్దలు నాకు చుట్టాలలాగా తోచేవారు. శాస్త్రమూ, న్యాయమూ, కవిత్వమూ నాకు పాఠాలుగా పరిచయం కాకముందే మనుషులుగా పరిచయం అయ్యాయి.

తాతగారు మరీ మరీ చెప్పినది ఎల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన ఆయన చదువు ఏమంత నల్లేరు మీద బండిలా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడోసారి రాస్తే గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చేరినప్పుడు, గాంధీగారి పిలుపు విని, ఖద్దరుతో కుట్టించిన దుస్తులు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్లినందుకు తెల్లదొర అయిన ఆచార్యునికి కోపం వచ్చింది. దాని ఫలితంగా ఆయనకు పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ స్థాయి పట్టా మాత్రమే దక్కింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆ జబ్బు ఆయనను కూడా పట్టుకొంటే, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు. మామగారి ధనసహాయంతో 1922లో అమెరికాలోని బోస్టన్ చేరుకొని, హార్వర్డ్‌లో చదువుతూ, పొట్ట పోసుకోవడానికి ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ, సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద జీవరసాయన పరిశోధన మొదలుపెట్టారు. ఈ భాగం చెప్పేటప్పుడు తాతగారి గొంతు కొంచెం బిగుసుకొనేది. బడిపిల్లల పరీక్షలు దిద్దుతూ జీవితం గడిపిన మనిషి కనుక, మూడోసారి గట్టెక్కినవాడు ఏ స్థాయికి చేరాడో చెప్పడం ఆయనకు ఎంతో ఇష్టం.

ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివేటప్పుడు ఏటీపీ గురించి ఒక పూర్తి పాఠం ఉండేది. జీవకణం శక్తిని నిలవ చేసుకొని ఖర్చు పెట్టుకొనేది ఆ అణువు ద్వారానేనని మాస్టారు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. దానిని 1929లో కండరంలో కనుగొన్నవారు జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో ఫిస్కే, సుబ్బారావుగార్లు అన్న సంగతి మాత్రం మా పుస్తకంలో లేదు. ఇంటికి వచ్చి తాతగారిని అడిగితే, కండరాలలో శక్తిని నిలవ చేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను అంతకు రెండేళ్ల ముందే, అంటే 1927లోనే వారిద్దరూ వెల్లడించారని కూడా ఆయనే చెప్పారు. రక్తంలోనూ, మూత్రంలోనూ ఉండే భాస్వరాన్ని కొలిచేందుకు వారు 1925లో ప్రకటించిన విధానాన్ని ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటారు. ఇందులో నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసే విషయం ఒకటుంది. తెలుగువాళ్లం ఆయనను ఎల్లాప్రగడ అంటాము. ఎందుకంటే మనకు సుబ్బారావులు ఎక్కువ, ఇంటిపేరు చెబితే గాని ఎవరో తెలియదు. విదేశీయులకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి, ఇంటిపేరు మన దగ్గర ఉండిపోయి, వీధికొకరికి ఉన్న ఆ మామూలు పేరు శాస్త్రగ్రంథాలలోకి ఎక్కింది. ఆయన గౌరవార్థం ఒక శిలీంధ్రానికి పెట్టిన సుబ్బరోమైసిస్ అన్న పేరులో కూడా మిగిలింది మా వీధిలో వినబడిన పేరే.

హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం లభించక, 1940లో ఆయన లెడర్లీ అనే మందుల సంస్థ పరిశోధనశాలకు వెళ్లారు. అక్కడ గడిపిన ఎనిమిదేళ్లలోనే ఆయన బృందం సాధించిన పనులు వింటే, ఒక మనిషి జీవితకాలానికి ఇంత పని పడుతుందా అనిపిస్తుంది. బి విటమిన్లలో ఒకటైన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేశారు. దానికి విరుద్ధంగా పనిచేసే అమైనోప్టెరిన్‌ను తయారు చేసి ఇస్తే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని రక్తకాన్సర్ సోకిన పసిపిల్లలకు వాడి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగానైనా తగ్గుతుందని 1948లో ప్రకటించారు. అప్పటివరకు ఆ జబ్బుకు మందు అన్న మాటే లేదు. దాని తోడబుట్టిన మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ కాన్సర్‌కూ, కీళ్లవాతానికీ వాడుతున్నారు. మా మేనత్తగారు కీళ్లనొప్పులకు వారానికొకసారి వేసుకొనే మాత్ర అదేనని తెలిసిన రోజున, ఆ మందుచీటీని నేను చాలాసేపు చదివాను. ఆయన పర్యవేక్షణలో బెంజమిన్ డుగ్గర్ వెలికితీసిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్ మందులలో మొట్టమొదటిది.

అయితే మా ఊరివాళ్లకు అన్నిటికంటే దగ్గరి మందు మరొకటి. మా ప్రాంతంలో బోదకాలు కొత్త జబ్బు కాదు. ఆ పురుగులు రాత్రివేళల్లోనే రక్తంలోకి వస్తాయి కనుక, ఫైలేరియా విభాగంవారు పొద్దుపోయాక లాంతర్లతో ఇళ్లకు వచ్చి, నిద్రపోతున్న మమ్మల్ని లేపి, వేలు గుచ్చి, గాజుపలక మీద రక్తపు చుక్క తీసుకొని వెళ్లేవారు. పురుగు కనబడినవారికి మాత్రలు ఇచ్చేవారు. ఆ మాత్రలలోని డైఇథైల్ కార్బమజైన్‌ను బోదకాలుకు మందుగా తొలిసారి 1947లో లోకానికి అందించినది సుబ్బారావుగారి పరిశోధనశాలే. బోదకాలు ప్రబలిన జిల్లాలో పుట్టినవాడు సముద్రాల అవతల కూర్చొని దానికి మందు తీయడం, ఆ మందు తిరిగి ఆయన పుట్టిన జిల్లాలోని పల్లెలకు రావడం నాకు మాటలకు అందని విషయం. పక్కింటి పిల్లలు మాత్ర మింగనని మారాం చేస్తే, ‘మింగండమ్మా, అది మా వారి పేరున్న డాక్టరుగారు చేసిన మందు’ అని నాయనమ్మ నచ్చజెప్పేది. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకోకుండానే 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ల వయసులో, న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది. పోస్టు సుబ్బారావుగారు వాటిని తెప్పించి తాతగారి చేతిలో పెట్టినప్పుడు ఇద్దరి ముఖాలూ చూడవలసిందే.

ఆ 1895లోనే, ఏలూరు దగ్గరి వసంతవాడలో మరో సుబ్బారావుగారు పుట్టారు. ఆయన నండూరి వెంకట సుబ్బారావుగారు. వృత్తిరీత్యా ప్లీడరు. మద్రాసులో చదువుకొనే రోజుల్లో ట్రాముబండిలో వెళ్తుండగా మొదటి పాట స్ఫురించిందని ప్రతీతి. 1925లో ఎంకి పాటలు పుస్తకంగా వెలువడినప్పుడు, పల్లెపడుచును, ఆమె నాయుడుబావను, వారు మాట్లాడుకొనే మాటల్లోనే పాటలుగా కట్టడం పండితులలో కొందరికి రుచించలేదు. పాడుకొనేవారు మాత్రం పాడుకొంటూనే ఉన్నారు. నాయనమ్మకు అక్షరాలు కూడబలుక్కొని చదవడం మాత్రమే వచ్చు, అయినా ఆ పాటలలో కొన్ని ఆమెకు కంఠతా వచ్చేవి. ఒకే సంవత్సరంలో, ఒకదానికొకటి అంత దూరం లేని రెండు ఊళ్లలో, ఒకే పేరుతో పుట్టిన ఇద్దరిలో ఒకరు జీవకణం లోపలి రహస్యం కనిపెట్టగా, ఒకరు ఎంకిని సృష్టించారని తాతగారు అనేవారు. ఆ ఇద్దరినీ ఎప్పుడూ జంటగానే చెప్పేవారు.

కవులలోనే మరొక సుబ్బారావుగారు ఉన్నందువల్ల మా బడిలో తెలుగు మాస్టారు ఇంటిపేరు చెప్పకుండా పద్యం మొదలుపెట్టేవారు కాదు. రాయప్రోలు సుబ్బారావుగారు 1892లో బాపట్ల ప్రాంతంలో పుట్టి, 1984 వరకు జీవించి, అభినవ నన్నయ అన్న బిరుదు పొందారు. ఏ దేశమేగినా, ఎందు కాలిడినా అన్న ఆయన మాటలు పాడని పాఠశాల తెలుగుదేశంలో ఉండి ఉండదు. తృణకంకణంతో భావకవిత్వానికి బాట వేసిన ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులుగా చాలాకాలం పనిచేశారు. నిజాం పాలనలో తెలుగుకు ఆదరణ కరవైన రోజుల్లో ఆ పదవిలో ఉండి భాషను నిలబెట్టిన పని, ఆయన కవిత్వమంత విలువైనదని నా అభిప్రాయం.

1895లో ఒక జంట ఉన్నట్టే 1856లోనూ ఒక జంట ఉంది. వీరిని గురించి తాతగారికి తెలిసింది కొంత, నేను తరువాత చదివి తెలుసుకొన్నది కొంత. న్యాపతి సుబ్బారావు పంతులుగారు, తల్లాప్రగడ సుబ్బారావుగారు ఇద్దరూ ఆ సంవత్సరంలోనే పుట్టారు. ఇద్దరూ మద్రాసులో చదివారు, ఇద్దరూ న్యాయవాదులే. న్యాపతివారు విద్యార్థిగా ఉండగానే, 1878లో హిందూ పత్రికను వారపత్రికగా ప్రారంభించిన ఆరుగురు యువకులలో ఒకరు. ఆ తరువాత రాజమహేంద్రవరంలో స్థిరపడి, వకాలతు చేస్తూ, చింతామణి అనే పత్రికను నడిపించి, నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చారు. తెలుగులో నవల అప్పుడప్పుడే తప్పటడుగులు వేస్తున్న కాలంలో ఆ పోటీలు ఎందరిచేతనో కలం పట్టించాయి. భారత జాతీయ కాంగ్రెస్‌కు కార్యదర్శిగా కూడా పనిచేసిన ఆయనను ఆంధ్ర భీష్ముడని గౌరవించేవారు. ఆయన 1941 వరకు ఉన్నారు.

తల్లాప్రగడవారిది కాకినాడ. ఆయన జీవితం చాలా చిన్నది. 1882లో దివ్యజ్ఞాన సమాజ స్థాపకులైన బ్లావట్‌స్కీ, ఆల్కాట్‌లు మద్రాసు వచ్చినప్పుడు వారిని కలుసుకొన్నాక, అప్పటివరకు న్యాయవాద వృత్తి తప్ప మరొకటి తెలియనట్టు ఉన్న మనిషిలోంచి ప్రాచీన తత్వశాస్త్రమంతా ఒక్కసారిగా పొంగివచ్చిందని ఆయన్ని ఎరిగినవారు చెప్పుకొన్నారు. ఆ సమాజం మద్రాసులోని అడయారులో వేళ్లూనుకోవడం వెనుక ఆయన ప్రోత్సాహం ఉంది. 1886 చివర అడయారు మహాసభలో భగవద్గీత మీద ఆయన చేసిన ఉపన్యాసాలు ఇంగ్లీషులో ఇప్పటికీ అచ్చవుతూ, దేశదేశాల్లో చదవబడుతున్నాయి. 1890 జూన్‌లో, ముప్పై నాలుగో ఏడు నిండకుండానే ఆయన వెళ్లిపోయారు. ఒకే ఏడు పుట్టిన ఆ ఇద్దరిలో ఒకరు మరో యాభై ఏళ్లు జీవించి ప్రజల మధ్య పనిచేయగలిగారు. తల్లాప్రగడవారికి కూడా ఆ యాభై ఏళ్లు దక్కి ఉంటే ఏమయ్యేదోనన్న బాధ ఆ ఉపన్యాసాలు చదివిన ప్రతిసారీ నాకు కలుగుతుంది. ఆయన పేరు తెలుగునాట తెలిసినవారు అరుదు.

తాతగారి ట్రంకుపెట్టెలో 1967 నాటి పాత పత్రిక ఒకటి మడతలు చిరిగిపోకుండా గుడ్డలో చుట్టి ఉండేది. ఆ ఏడు ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వార్త అందులో ఉంది. ప్రాథమిక హక్కులను హరించేలా రాజ్యాంగాన్ని సవరించే అధికారం పార్లమెంటుకు లేదని పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆరుగురు ఒకవైపు, ఐదుగురు ఒకవైపుగా చెప్పిన ఆ తీర్పులో ఆధిక్యతను నడిపించిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. రాజమహేంద్రవరంలో 1902లో పుట్టిన ఆయన, 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి. తీర్పు వెలువడిన కొద్ది వారాలకే, ఏప్రిల్‌లో, పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో జాకీర్ హుస్సేన్‌గారి మీద నిలబడి ఓడిపోయారు. న్యాయమూర్తి కుర్చీలోంచి లేచి నేరుగా ఎన్నికలోకి వెళ్లడం తగునా అని మా అరుగు మీద పెద్ద చర్చలే జరిగేవి. తాతగారు ఆ ఒక్క విషయంలో మాత్రం తన పేరుగలాయనను సమర్థించేవారు కాదు. నాకూ ఆ అభిప్రాయమే సరైనదనిపిస్తుంది.

అయినా కోకా సుబ్బారావుగారి గొప్పతనం నాకు పూర్తిగా తెలిసివచ్చింది తాతగారు పోయిన చాలా ఏళ్లకు. ఖరక్ సింగ్ అనే వ్యక్తి మీద పోలీసులు నిఘా పెట్టి, అర్ధరాత్రి ఇంటికి వచ్చి తలుపు తట్టడం సరైనదా అన్న కేసు 1962లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. రాత్రిపూట ఇళ్లకు రావడం చెల్లదన్నా, ఏకాంతం, గోప్యత అనేవి రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కులు కావని ఎక్కువమంది న్యాయమూర్తులు చెప్పారు. సుబ్బారావుగారు, షాగారు మాత్రం విభేదించారు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని, నీడలా వెంటాడే నిఘా కింద ఉన్న మనిషి స్వేచ్ఛాజీవి కాడని సుబ్బారావుగారు వాదించి రాశారు. యాభై ఏళ్లకు పైగా ఆ మాట అల్పసంఖ్యాకుల అభిప్రాయంగా న్యాయగ్రంథాలలో పడి ఉంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించినప్పుడు, సుబ్బారావుగారు నాడు రాసినదే సరైన దారి అని అంగీకరించారు. 1976లో కన్నుమూసిన ఆయన ఆ రోజు చూడలేదు. ఆ వార్త చదివినప్పుడు నేను ఉన్నది పరాయి నగరంలో. పైకి చదివి వినిపించడానికి పక్కన ఎవరూ లేకపోయినా పైకే చదువుకొన్నాను.

తాతగారు సినిమాలు చూసేవారు కాదు కనుక ఆదుర్తి సుబ్బారావుగారి ప్రసక్తి మా నాన్నగారి ద్వారా వచ్చింది. మూగ మనసులు, డాక్టర్ చక్రవర్తి తీసిన ఆయన, 1965లో తేనె మనసులుతో కొత్తవాళ్లకు ప్రధానపాత్రలు ఇచ్చి కృష్ణగారిని కథానాయకుడిని చేశారు. ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావుగారు 2008 సెప్టెంబరు 5న రిజర్వు బ్యాంకు గవర్నరు పదవి స్వీకరించారు. ఆ తరువాత పది రోజులకే అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కుప్పకూలి ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభంలో పడింది. ఆ సమయంలో టీవీలో ఆయన పేరు విన్నప్పుడల్లా, తాతగారు ఉంటే ఇంటిపేరు, ఊరు, చదువు అన్నీ ఆరా తీసి ఉండేవారని మా అమ్మ అనేది.

తాతగారికి తెలియకుండా మిగిలిపోయిన సుబ్బారావులు కూడా ఉన్నారు. చివరకు మిగిలేది రాసిన బుచ్చిబాబుగారి అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు అని నేను కళాశాలలో చదివేటప్పుడు తెలుసుకొన్నాను. ఆయనది కూడా ఏలూరే. ఆకాశవాణిలో ఉద్యోగం చేస్తూ కథలూ, నవల, నాటికలూ రాసిన ఆయన ఆ పేరును పక్కన పెట్టి ముద్దుపేరుతోనే పుస్తకాల మీద నిలిచారు. చంబల్ లోయ బందిపోట్లు 1972లో జౌరా ఆశ్రమంలో గాంధీగారి చిత్రపటం ముందు ఆయుధాలు దించినప్పుడు వారి మధ్య ఉన్న ఎస్.ఎన్. సుబ్బారావుగారు బెంగళూరులో పుట్టిన గాంధేయవాది. అంటే ఈ పేరు తెలుగు ఎల్లలకే పరిమితం కాలేదు.

ఇప్పుడు మా బంధువుల ఇళ్లలో సుబ్బారావు అన్న పేరుతో బడికి వెళ్లే పిల్లవాడు ఒక్కడూ లేడు. కార్తికేయ, షణ్ముఖ, స్కంద అని పెడుతున్నారు. స్వామి మారలేదు, మొక్కులూ మారలేదు. నేను మాత్రం తాతగారి అలవాటు వదలలేదు. ఈ మధ్య చదువుతున్నది కల్లూరు సుబ్బారావుగారి గురించి. నేను ఇంతవరకు చెప్పినవారిలో చాలామంది కోస్తావారు కాగా ఈయన అప్పటి అనంతపురం జిల్లాలోని హిందూపురం ప్రాంతంవారు, స్వాతంత్ర్య సమరయోధులు. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం 1937 నవంబరులో మద్రాసులో కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకొన్న శ్రీబాగ్ ఒడంబడిక మీద సంతకం చేసినవారిలో ఆయన ఒకరు. లేపాక్షి శిల్పసంపదను అందరి దృష్టికి తేవడానికి ఎంతో కృషి చేశారు. ఆ ఒడంబడికలోని షరతులు ఒక్కొక్కటీ, రాజధాని, హైకోర్టు, విశ్వవిద్యాలయం, కృష్ణా తుంగభద్ర జలాల సంగతులు, వాటి వెనుక సీమవారి మనసులో ఉన్న భయాలు, ఇవన్నీ ఆయనను చదువుతుంటే నాకు కొత్తగా తెలుస్తున్నాయి. కోస్తా ఊళ్లో అరుగు మీద పెరిగినవాళ్లకు ఎవరూ ఆ కథను అవతలి వైపు నుంచి చెప్పలేదు. లేపాక్షి వెళ్లినప్పుడు కల్లూరు కూడా చూసి రావాలని అనుకొంటున్నాను.